మైనస్ ఐదు, మైనస్ పదమూడు

“నీ పేరు లిస్టుల ఉండదే బిడ్డా. ఉన్నా తప్పు రాస్తరు. తప్పు రాయకపోయినా ఎవలో ఒకలు అడ్డం వడ్తరు. పొద్దటి సంది నా కుడికన్ను కొట్టుకుంటనే ఉన్నది.”

పాలకుర్తి పోయే ఆటోలో శోభారాణి దారి పొడుగునా ఇదే పాట. పక్కన కూతురు మనీషా హాల్‌టికెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వాళ్లు పోతున్నది పదో తరగతి అయిన ఆడపిల్లలకు తిండి, వసతి ఇచ్చి ఇంటర్ చదువు చెప్పే కేంద్రానికి. సీట్లు పదే. సీటొస్తే చదువు, రాకుంటే మిరప తోటల్లో కూలి అని తండ్రి మొగిలి ముందే తేల్చేశాడు. ప్రవేశ పరీక్షలో ఒప్పుకు రెండు మార్కులు, తప్పుకు ఒకటి కోత. “తెల్వనిది గీకకు బిడ్డా, వచ్చినయి గూడ పోతయ్” అని శోభారాణి పరీక్ష నాడు కూతుర్ని భయపెట్టి మరీ పంపింది.

గేటు లోపల గోడకు కాగితం అంటించి ఉంది. ఒక్కో పేరు పక్కన ఎన్ని రాసింది, ఎన్ని ఒప్పు, చివర మార్కులు. మొదటి తొమ్మిది పేర్లకు మార్కులు మామూలు అంకెల్లోనే ఉన్నాయి. ప్రశ్నలు అంత కష్టంగా వచ్చాయి మరి, మిగతావాళ్లందరికీ మైనస్సే. పదో పేరు అఖిల, మైనస్ పదమూడు. అక్కడ అడ్డగీత కొట్టి, ఆ కింద సీటు రానివాళ్ల పేర్లు రాశారు. మైనస్ పదకొండు, మైనస్ ఎనిమిది, అందరికంటే అడుగున మనీషా, మైనస్ ఐదు.

శోభారాణి వేలు పెట్టి ఆ వరుసను కిందికీ పైకీ రెండుసార్లు చూసింది. చదివింది ఏడో తరగతే అయినా ఆ వరుస తలకిందులుగా ఉందని ఆమెకు తెలిసిపోయింది. గబగబా ఆఫీసు కిటికీ దగ్గరికి పోయింది.

“సారూ, లిస్టు తప్పయింది. నా బిడ్డది మైనస్ ఐదు. మైనస్ పదమూడు దానికన్న పైకెట్ల వోయింది?”

గుమస్తా రామ్మోహన్ తల ఎత్తలేదు. “పదమూడు పెద్దదా, ఐదు పెద్దదా? అంగన్వాడి పోరని అడిగినా చెప్తడు. పో అవుతలికి.”

“అంకె ముంగట మైనస్ గీత ఉన్నది గద సారూ!”

“గీత అందరికున్నది. అందరికున్నంక దాన్ని చూసుడెందుకు?”

వెనకనుంచి ఒక గొంతు లేచింది. “ఏందే శోభా, నా బిడ్డ సీటు మీద నీ కన్ను వడ్డదా?” స్వరూప. వాళ్ల ఊరే, చేను పక్క చేనే. గట్టు తగాదాతో మూడేళ్లుగా మాటల్లేవు. ఆమె వెనక అఖిల తల వంచుకుని నిలబడి ఉంది.

“నీ బిడ్డ సీటెట్లయితది? నా బిడ్డదది.”

“నీ బిడ్డ పరీక్షల ఇరవై ఆరు రాసింది, ఏడు ఒప్పయినయ్. నా బిడ్డ నలభై రాసింది, తొమ్మిది ఒప్పయినయ్. ఏడు పెద్దదా తొమ్మిది పెద్దదా? నువ్వు పిరికిదానివి, నీ బిడ్డ నీకన్న పిరికిది!”

“మరి తప్పులెవలు లెక్కవెట్టాలె, మీ అత్తనా? తొమ్మిది రెండ్లు పద్దెనిమిది. తప్పులు ముప్పై ఒకటి. పద్దెనిమిదీ కోతల్నే వోయినయ్, ఇంక పదమూడు తక్కువ వడ్డయ్. నా బిడ్డకు పద్నాలుగొచ్చినయ్, పందొమ్మిది వోయినయ్. తక్కువ వడ్డయి ఐదే!”

కిటికీ చుట్టూ జనం మూగారు. శోభారాణి నోరు ఆగడం లేదు. ఇంత గొడవ చేశాక సీటిచ్చినా బిడ్డను లోపల ఏడిపిస్తారేమో, అన్నంలో సున్నం కలిపి పెడతారేమో అని ఒకపక్క భయం తొలుస్తూనే ఉంది.

“మన బాయిలే చూడు. మొన్న తాడేసి కొలిస్తే మా బాయిల ఐదు గజాల కింద నీళ్లు తగిలినయ్. మీ దాంట్ల పదమూడు గజాల కింద. ఇద్దరియీ గడ్డకు కిందనే. ఎవల బాయిల నీళ్లు పైకున్నయే?”

జనంలో ఒకరిద్దరు తలలూపారు. స్వరూప మాత్రం నడుం మీద చెయ్యి వేసింది. “లోతు బాయి ఉండాల్నంటే దమ్ముండాలె. మీది గుంత, మాది బాయి!”

అందరూ పక్కున నవ్వారు. రామ్మోహన్ కూడా నవ్వాడు. శోభారాణి ముఖం మాడిపోయింది. మనీషా తల్లి కొంగు పట్టుకుని “ఇగ పోదాం అమ్మా” అని గుంజింది.

అప్పుడు లోపలి గదిలోంచి కేంద్రం పెద్ద ప్రభుదాస్ సార్ వచ్చాడు. గోడమీది కాగితం చదివాడు. అడుగున ఉన్న తన సంతకం దగ్గర ఆయన చూపు ఆగింది. రామ్మోహన్ నవ్వు ఆరిపోయింది.

“సారూ, మీరన్న చెప్పుండ్రి” అంది శోభారాణి.

సార్ మనసులో లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే తన సంతకం తప్పవుతుంది. ఈ స్వరూప ఫిర్యాదుతో పైఆఫీసుకు పోతుంది. చివరికి అఖిల వైపు తిరిగాడు. “సీటు నీ పేరు మీద ఉన్నది. నువ్వే చెప్పు. ఏది ఎక్కువ?”

“చెప్పవే, నీదే ఎక్కువని చెప్పు!” స్వరూప కూతురి రెక్క పట్టి ఊపింది.

అఖిల గోడమీది కాగితం వైపు చూసింది. పదిమందిలో బిడ్డను బోను ఎక్కించారు గదా అని శోభారాణికి ఒక్క క్షణం ఆ పిల్ల మీదే జాలేసింది. మరుక్షణం, అబద్ధం చెబితే మనీషా గతేం గాను అని మళ్లీ భయం పట్టుకుంది. స్వరూప ఇంకోసారి రెక్క ఊపింది. అఖిల చెయ్యి విడిపించుకుంది.

“మనీషాదే ఎక్కువ సార్. నాదే అందరికన్న కిందికున్నది.”