ఫ్రిజ్‌లో ఐదు ఇన్సులిన్ పెన్నులు

పొద్దున్నే పాల కోసం ఫ్రిజ్ తెరిస్తే లోపల దీపం వెలగలేదు. వెన్న మెత్తబడి గిన్నెకు అంటుకుపోయింది. పాలు ఇంకా విరగలేదు. పాల డబ్బా వెనక మేవిస్ ఇన్సులిన్ పెన్నులు ఐదు ఉన్నాయి. పట్టుకుని చూశాను. చల్లదనం పేరుకి మాత్రం మిగిలింది.

మేవిస్ నా ఆడపడుచు. పన్నెండో ఏట నుంచి సూది లేనిదే బతకని మనిషి. మా ఆయన క్లారీ పోయాక, ఆయన ఇల్లులాంటి ట్రైలర్‌ని కారుకు తగిలించుకుని ఇద్దరం ఊళ్ళు లేని ఈ ఎడారి దారుల వెంట తిరుగుతున్నాం. మొన్న వాన పడి మట్టిరోడ్డు మూసేశారు. ఆరడానికి ఐదు రోజులు పడుతుంది. బురదలో దిగబడితే లాగే దిక్కు లేదు. నిన్నటి నుంచి కారులోని వైర్‌లెస్ రేడియోలో పిలుస్తూనే ఉన్నాను, ఒక్కరూ పలకలేదు. మధ్యాహ్నానికి ఎండ నలభై రెండు దాటుతుంది. వాన తర్వాత ఉక్క, తడిగుడ్డ చుట్టినా ఏదీ చల్లబడదు. పెన్నులు పాడైతే ఐదో రోజుకు మేవిస్ ఉండదు. ఇది నాకూ తెలుసు, దానికీ తెలుసు.

"ఏమైంది వదినా, మొహం అలా పెట్టావు?"

"బ్యాటరీలు చచ్చాయి."

"నీడలో ఆపమన్నది ఎవరు? నువ్వేగా!"

అదీ నిజమే. ఎండంటే మాకు ఎంత భయమంటే, ఎక్కడ ఆగినా ముందు చెట్టునీడ వెతుకుతాం. పైకప్పు మీది సోలార్ పలకలు కూడా ఆ నీడలోనే పస్తులుంటాయని ఎవరికీ తోచదు. కానీ మూడు రోజుల నీడకే, మబ్బుకే, రెండు పెద్ద బ్యాటరీలు ఇంతగా చచ్చిపోవు. కారు స్టార్ట్ చేసి ట్రైలర్ తీగ తగిలించాను. ఛార్జర్ మీద ఎర్రదీపం తప్ప ఇంకేం రాలేదు. ఆ ఛార్జర్ తెలివిమీరిన రకం, బొత్తిగా పడిపోయిన బ్యాటరీని బ్యాటరీగానే లెక్కచేయదు.

ఇక బ్యాటరీ పెట్టె తెరవాలి. ఇరవై ఏళ్ళ కిందట మా షెడ్డులో క్లారీ ఇలాగే వంగి తీగ తగిలిస్తుంటే నిప్పురవ్వ లేచింది, బ్యాటరీ పేలింది. యాసిడ్ పడి ఎడమకన్ను పోయింది. ఆ అరుపు విన్న రోజు నుంచి నేను ఏ బ్యాటరీనీ ముట్టలేదు. అన్నీ ఆయనే చూసుకునేవాడు.

మూత తీశాను. కుళ్ళిన గుడ్ల వాసన గుప్పున కొట్టింది, అంటే లోపల పేలే గ్యాస్ ఉన్నట్టే.

"వెనక్కి జరుగు!" అని అరిచాను.

మేవిస్ జరగలేదు. పెట్టెలోకి చూస్తూ, "వదినా, నీకొక మాట చెప్పాలి, తిట్టకూడదు" అంది.

"ముందు చెప్పు."

"రెండు వారాల కిందట ఆ పశువుల బోరు దగ్గర ఆగాం చూడు. ఇందులో నీళ్ళు తగ్గాయని పోశాను. అన్నయ్య పోస్తుంటే చూసేదాన్ని కదా."

"ఏం నీళ్ళు పోశావే?"

"బోరు నీళ్ళే. ఒకదానిలోనే పోశాను. రెండోదాని మూతలు రాలేదు."

ఉప్పూ గంధకమూ నిండిన ఆ నీళ్ళతో టీ పెడితేనే నోట్లో పెట్టుకోలేం! "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆయన పోసేది ఫార్మసీలో కొన్న డిస్టిల్డ్ వాటర్. బట్టలుతికే నీళ్ళు కాదు" అన్నాను. అది ఏడవడం మొదలుపెట్టింది. దాని ఏడుపు చూస్తే నా కోపమంతా భయంగా మారిపోయింది.

అరగంట మూత తెరిచే ఉంచి గాలి ఆడనిచ్చాను. తర్వాత రెండు బ్యాటరీలను కలిపే తీగ విప్పాను. మీటరు పెడితే, పన్నెండు వోల్టులు దాటాల్సిన చోట బోరు నీళ్ళది నాలుగు చూపించింది, రెండోది తొమ్మిదిన్నర. చచ్చినది బతికినదాన్ని కూడా తాగేస్తోందన్నమాట. ఆ తొమ్మిదిన్నరను లేపాలంటే ఒకటే దారి. కారు బ్యాటరీ నుంచి నేరుగా తీగలు వేసి, ఛార్జర్ ఒప్పుకునేదాకా పట్టి ఉంచాలి. ఏదైనా తేడా వస్తే కారు కూడా పోతుంది. పేలితే నా కళ్ళు పోతాయి.

"వద్దు వదినా" అంది మేవిస్. "నేను తిండి మానేస్తాను. ఐదు రోజులు తట్టుకుంటాను."

"నోరు మూసుకో."

ఈతకళ్ళద్దాలు పెట్టుకున్నాను. మేవిస్‌ని దూరంగా చెట్టు వెనక నిలబెట్టాను. ఎర్రతీగ బ్యాటరీకి తగిలించాను. నల్లతీగ బ్యాటరీ దగ్గర కాకుండా ట్రైలర్ ఇనుపచట్రానికి, దూరంగా పట్టించాను. చిటుక్కుమని రవ్వ లేచింది. నేను గట్టిగా అరిచాను. ఏదీ పేలలేదు. తీగ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఇరవై నిమిషాలు మీటరు అంకెలు చూస్తూ కూర్చున్నాను. పది. పదిన్నర. పదకొండు దాటాక ఛార్జర్ మీద పచ్చదీపం వచ్చింది, తీగలు తీసేశాను. కాసేపటికి ఫ్రిజ్ గుర్రుమంది.

సంతోషపడాల్సింది. కానీ పెన్నులు అప్పటికే పాడైపోయాయేమో, ఎవరు చెప్పగలరు? మందు తేటగానే ఉంది, కానీ పాడైనది కూడా తేటగానే ఉంటుంది. మేవిస్ చక్కెర చూసుకుంది. ఇక్కడి మీటరు లెక్కలో ఏడెనిమిది ఉండాల్సింది, ఇరవై రెండు ఉంది. సూది వేసుకుంది. గంట తర్వాత చూస్తే ఇరవై మూడు.

కారు ఇంజన్ ఆడుతూనే ఉంది. మేవిస్ నా చెయ్యి పట్టుకుంది. దాని అరచెయ్యి పొడిగా, వేడిగా ఉంది. మరో గంటకు వేలు గుచ్చుకుంది. చక్కెర మీటరు నాకు చూపించకుండా ఒళ్ళో దాచుకుంది.

"చెప్పవే!"

"నీళ్ళు పోసింది నేనని నీకు చెప్పకుండానే ఉందామనుకున్నాను వదినా. నువ్వు నన్ను ఏదో ఊళ్ళో దించేసి పోతావని భయం వేసింది. అన్నయ్య పోయాక నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

"ఎంతుందో చెప్పి చావు!"

"పదహారు. దిగుతోంది వదినా."

నేను దాన్ని కొట్టాను. నిజంగానే, భుజం మీద, రెండు దెబ్బలు. తర్వాత దాన్ని పట్టుకుని, మా ఆయన పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చాను.