కొటారుపాలెమున నామకరణము

వైశాఖమాసపు మధ్యాహ్నవేళ ప్రచండమార్తాండకిరణములు సముద్రతీరమునందలి యుప్పుమళ్లపై బడి కన్నులు మిరుమిట్లు గొల్పుచుండ కాళ్లకు చెప్పులైన లేని స్త్రీపురుషులు మోకాలిబంటి యుప్పునీటదిగి పారలతో నుప్పు గీచి గట్లపైకి లాగి రాసులు పోయుచుండిరి. ఆ ధవళరాసులకు వెనుక నరువది తాటాకు గుడిసెలు గల పల్లెకు కొటారుపాలెమని పేరు. అచ్చటికి నాలుగు క్రోసుల దూరముననున్న పట్టణమువారు ఆ యుప్పు లేనిదే యొక్క ముద్దయైన మ్రింగజాలరు గాని ఆ పల్లె యెచ్చటనున్నదని యడిగినచో తూర్పో పడమరో తేల్చి చెప్పజాలరు. ఔరా, పట్టణవాసుల మరపెంత సుఖమైనది!

పల్లెయందు మంచినీటి నుయ్యి లేదు. ఉప్పుమళ్ల ప్రక్కనే యిసుకలో త్రవ్విన చెలమయందు బొట్టుబొట్టుగా నూరెడి పసరునీటినే వడియగట్టుకొని త్రాగుచుందురు. వేసవి ముదిరినంతనే వాంతులును విరేచనములును పుట్టి పెద్దలను నాలుగుదినములు మంచమెక్కించి విడిచిపెట్టును గాని పసివాండ్రను మాత్రము విడిచిపెట్టదు. ఈ సంగతి పట్టణమున నెరుగనివారు లేరు. ఎరిగి "అయ్యో పాపము" అని నొచ్చుకొని కాఫీ చల్లారునేమోయని త్వరపడువారే యందరును.

అచ్చటి బడిపంతులమ్మ పేరు మాణిక్యాంబ. మూడేండ్ల క్రిందట కొత్తగా వచ్చిననాడు హాజరుపట్టీ విప్పి పెంటయ్య, కుప్పమ్మ, తవిటమ్మ, తవిటినాయుడని చదువుచు ఆమెయు కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వెను. ముప్పదియెనమండుగురు పిల్లలలో నిరువదియార్గురకు నిట్టి పేర్లే. ఆ నవ్వు పట్టుమని పదిదినములైన నిలువలేదు. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచుండ నటుపిమ్మట కలిగిన శిశువును పెంటకుప్పపై దొర్లించి పొరుగింటి యిల్లాలిచే నెత్తించి చేరెడు తవుడిచ్చి మరల కొని తెచ్చుకొని విలువలేనిదానిని మృత్యువు కూడ నాశింపదను నమ్మికతో నా తల్లు లట్టి పేర్లు పెట్టుకొందురని యామెకు తెలిసెను. పెంటయ్య యను పేరునకు వెనుక నిద్దరు పోయిరి, కుప్పమ్మకు వెనుక నలుగురు. ఆనాటి నుండి హాజరు పిలుచునపుడెల్ల మాణిక్యాంబ పేరుతోబాటు దానికి ముందు పోయినవారిని గూడ లెక్కపెట్టుకొనుచుండెను.

ఆమె యూరకుండలేదు. పట్టణమున శిశుసంతోషిణీసభ యనునది యొకటి కలదు. దాని యధ్యక్షులు న్యాయవాది వేదగిరి పంతులుగారు. ఒక్క నుయ్యి త్రవ్వింపుడని ఆమె పిల్లల పేర్లతో సహా యేడుమారులు విన్నపములు వ్రాసికొనగా నెట్టకేలకు వారు సపరివారముగా కారులో విజయముచేసి చెలమవైపు చూడకయే బడిలో కుర్చీనలంకరించి హాజరుపట్టీ చేతికందుకొని రెండు పేర్లు చదివి ముఖము చిట్లించుకొనిరి.

"ఏమమ్మా, ఇవి పేర్లా? ఈ పట్టిక చూచి యే దాతయైన చేయి విదుల్చునా? పెంటయ్యకు నుయ్యి కావలెనని పత్రికలో వ్రాయించిన లోకము నవ్విపోదా? ముందు పేర్లు బాగుచేయుడు. నుయ్యి సంగతి పిమ్మట చూతము."

"అయ్యా, ఆ పేర్లెట్లు వచ్చినవో తాము చిత్తగించిన..."

"అంతయు మూఢత్వము! దానిని పోగొట్టుటకే గదా మేమున్నది" అని వారు సభాముద్రగల క్రొత్తపట్టిక నొకటి ఆమె ముందుంచిరి. పద్మలోచన, చంద్రలేఖ, ఇందుశేఖరుడు మొదలగు పేర్లు కారులోనే కూర్చబడి సిద్ధముగా నుండెను. పాలపొడియు సభవారి వైద్యశాలలో మందును ఆ పేర్లమీద నిచ్చిన చీట్లకే లభించునని కట్టడి చేసి వారు వెడలిపోయిరి. కాదన్న మందు లేదు, ఔనన్న తల్లులొప్పరు. మాణిక్యాంబ ముందు నుయ్యి వెనుక గొయ్యి యన్నట్లాయెను గాని ఆమెకా నుయ్యియు లేకపోయెను.

తల్లులనందరను బ్రతిమాలి యొప్పించుసరికి ఆమె తలప్రాణము తోకకు వచ్చెను. దాలమ్మ యొక్కతె మాత్రము లొంగలేదు. ఆమె కూతురు పెంటమ్మకు నాలుగేండ్లు. చురుకైన పిల్ల. బడియీడు రాకున్నను మాణిక్యాంబ పట్టీ చివర చేర్చుకొనగా వచ్చి వెనుకవరుసలో కూర్చుండి పెద్దపిల్లలకంటె ముందుగా నెక్కములప్పగించుచుండెడిది.

"వొద్దు పంతులమ్మగారూ. ముందల ముగ్గురికీ మాంచి పేర్లెట్టుకుని మురిసిపోనాం. ముగ్గురూ ఏడాది దాటనేదు. దీన్ని పెంటమీద దొల్లించి తవుడిచ్చి కొనుక్కున్నాను. ఈ పేరున్నన్నాళ్లే నా గుంట ఉంతాది."

"పేరు కాగితమునందే యుండును దాలమ్మా. ఇంట నీవు పెంటమ్మయనియే పిలుచుకొనుము. జబ్బు చేసిన మందు దొరకవలదా?"

దాలమ్మ కూతును దగ్గరకు లాగికొని "నీ మాట మీద ఒప్పుకుంతన్నానమ్మా. దానికేటైనా అయితే నాను బతకను" అనెను. మాణిక్యాంబ తవిటమ్మకు పద్మలోచనయని వ్రాసిన తన చేతితోనే పెంటమ్మకు చంద్రలేఖయని వ్రాసెను.

నెల తిరుగకమున్నే వాంతులు విరేచనములు పల్లెను చుట్టుకొనెను. ఒకనాటి యుదయమున పెంటమ్మ కన్నులు లోతునకు పోయి పెదవులెండి వాడిన కాడవలె తల్లి భుజముపై వ్రాలియుండెను. ఆ దినముననే పరీక్షాధికారి బడికి రానుండుటచేత మాణిక్యాంబ కదలుటకు వీలులేకపోయెను. ఆమె చీటి దాలమ్మ చేతికిచ్చి దీనిని చూపిన చాలునని మరిమరి చెప్పి పంపి ఆ దినమెల్ల మాటిమాటికి బాటవైపు చూచుచుండెను.

సాయంకాలమునకు దాలమ్మ తిరిగివచ్చెను. భుజముపై పిల్ల యుండెను గాని పిల్లలో ప్రాణము లేదు.

"పేరేటని అడిగినాడమ్మా ఆ గుమస్తా. ఆ పేరు నోటిదాకా వచ్చింది. గుంట ఒల్లు సల్లబడిపోతంటే ఆ పేరు నా నోటితో ఎలాగనీదమ్మా? పెంటమ్మనే సెప్పీసినాను. చీటీల ఇంకో పేరుంది, ఎవలి చీటీ ఎత్తుకొచ్చావని గసిరీసినాడు. కాల్లట్టుకున్నాను. సబ పెద్దాయన సంతకం తెమ్మన్నాడు. ఆరింటికెల్తే పెద్దాయన తోంగున్నారన్నారు."

మాణిక్యాంబ పిల్లను చేతులలోనికి తీసికొని బిగ్గరగా నేడ్చెను. తప్పెవరిదని యెంచుకొనుటకు పోయిన ముందుగా తన చేతివ్రాతయే కనబడుచుండెను. దాలమ్మ యామెను నిందింపలేదు. నిందించియున్న కొంత నయముగా నుండెడిది.

పిల్ల పోయినదని సభకు వ్రాయగా పక్షము దినములకు ప్రత్యుత్తరము వచ్చెను. పెంటమ్మయను బాలిక మా పట్టికయందు లేదు, చంద్రలేఖయను బాలిక మరణించినట్లు మా వైద్యశాలలో వ్రాతలేదు, కావున నెవరును మరణింపలేదు, శుభమస్తు. ఎంత చక్కని తర్కము చదువరులారా! చచ్చినదానికి పేరు లేదు, పేరున్నదానికి చావు లేదు.

శ్రావణమున సభవారి వార్షికోత్సవము పట్టణమందలి పెద్దశాలయందు జరిగెను. క్రొత్తపేర్ల పిల్లలకు గౌనులును చొక్కాలును పంచుదురని పల్లెపిల్లలను తల్లులను బండ్లపై రప్పించి పిల్లలను ముందువరుసను తల్లులను వెనుకగోడ ప్రక్కను కూర్చుండబెట్టిరి. కొటారుపాలెపు బాలబాలికలెల్లరు నారోగ్యవంతులై వర్ధిల్లుచున్నారని కార్యదర్శి నివేదిక చదువగా కరతాళధ్వనులు మ్రోగెను. పేర్లు చదువుటకు మాణిక్యాంబను వేదికపైకి పిలిచిరి. ఈ దినమున నిజము చెప్పి నుయ్యి సాధించి మరల నొక్కబిడ్డయైన పోకుండ చూతునని యామె దారిపొడవున మనసు చిక్కబట్టుకొని వచ్చియుండెను. సభాముద్రగల పట్టికను ప్రక్కకునెట్టి తన పాతపట్టీ విప్పెను.

"పెంటయ్య. వీనికి ముందు ఇద్దరు పోయిరి."

సభయందొక చిరునవ్వు ప్రాకెను.

"కుప్పమ్మ. దీనికి ముందు నలుగురు."

నవ్వు పెరిగెను. వెనుక సగము మాట యెవరి చెవిని పడలేదు. పట్టుచీరలవారొకరినొకరు మోచేతులతో పొడుచుకొనుచు పేర్లను మరల మరల పలికికొని పొట్టలు పట్టుకొనిరి. మాణిక్యాంబ గొంతు పెంచిన కొలది వారి నవ్వును పెరుగుచుండెను. "పంతులమ్మగారు గొప్ప హాస్యప్రియురాలు!" అని వేదగిరి పంతులుగారు ప్రక్కవారితో ననుట ఆమెకు వినబడెను.

"పెంటమ్మ" అని యామె కేకవేసెను. "ముగ్గురి తరువాత పుట్టినది. ఇదియు పోయినది. త్రాగునీరు లేక పోయినది. మీ గుమాస్తా మందీయక పోయినది."

అలవాటు తప్పని సభ పేరు వినినంతనే మరల నొకమారు గొల్లుమనెను. ఆ నవ్వునడుమ గోడయొద్దనుండి దాలమ్మ లేచి నిలువబడెను.

"నా గుంట సచ్చిపోతే వీలెందుకు నవ్వుతన్నారు పంతులమ్మగారూ?"

పట్టుచీరలవారు వెనుదిరిగి యెవతెయో యల్లరి చేయుచున్నదని చూచి మరల నిటు తిరిగిరి. వేదగిరి పంతులుగారు మేజాపైని గంట మోగించి "కాలము మించినది. నుయ్యి గియ్యి వచ్చేయేడు చూతము. పట్టిక ప్రకారము చదువుడమ్మా. లేనియెడల గౌనులన్నియు తిరిగి పెట్టెలోనికి పోవును" అనిరి.

మాణిక్యాంబ క్రిందికి చూచెను. ముందువరుసలో పిల్లలు గౌనులవైపు కన్నార్పక చూచుచుండిరి. వారిలో నొక్కరికైన ఒంటినిండ గుడ్డలేదు. తాను దిగిపోయిన వట్టిచేతులతో పోవువారు ఆ పిల్లలే. ఆమె పాతపట్టీ మూసి ముద్రగల పట్టిక దగ్గరకు తీసికొని చదివెను.

"పద్మలోచన."

ఎవరును లేవలేదు. ఆమె మరల పిలిచెను. ముందువరుసలో తవిటమ్మ యను నాఱేండ్ల పిల్ల ఆ పద్మలోచన యెవరో చూతమని మెడ సాచి నలుదిక్కులు కలయజూచుచు కూర్చుండెను.