గది లేనివాళ్ళ కొలను

...కాబట్టి తప్పు తలుపుది కాదు, బందులది అంతకన్నా కాదు. సోమవారం నుంచి మా స్నానాలగది తలుపు బీచ్ రోడ్డులో ఉన్న ఒక పెద్ద హోటల్ ఈతకొలను ఒడ్డున తెరుచుకుంటోంది, అంతే. నేనుండే ఫ్లాట్ సీతమ్మధారలో, మూడో అంతస్తు. హోటల్ అక్కడికి చాలా దూరం. మధ్యలో ఉండవలసిన ఆ దూరం ఏమైందా అని మంగళవారం కాసేపు ఆలోచిస్తాను. దూరాలు కూడా అప్పుడప్పుడూ సెలవు పెడతాయి కాబోలు అనుకుని, వంటింట్లో సింకు దగ్గర ఒళ్ళు తుడుచుకుని పనికి వెళ్తాను.

నా పని శుభలేఖల ప్రూఫులు చూడడం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పిలుపు అనేది ఎలా ఉండాలో నాకు బాగా తెలుసు. వారం, తేదీ, వేదిక, విందు, అన్నీ వాటి వాటి చోట ఉండాలి. నా పేరుతో వచ్చిన పిలుపులు తక్కువ. దాని గురించి నాకు బాధ ఉందో లేదో తెలుసుకునేంత తీరిక నాకెప్పుడూ దొరకలేదు.

గురువారం పొద్దున పది గంటలకి తువ్వాలు భుజాన వేసుకుని, మగ్గూ సబ్బుపెట్టే పట్టుకుని గడప దాటుతాను.

కొలను నీలంగా ఉంది. ఎవరో ఇప్పుడే ఇస్త్రీ చేసి పరిచినట్టుంది. పొడవు ఎంతంటే, అటు చివర ఇంకా నిన్నటి ఎండే కాస్తోంది.

నాకు యాభై ఒక్కటి. సముద్రం ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగి, చీలమండ దాటి నీళ్ళలోకి దిగలేదు. ఒక్కసారి మెడదాకా నీళ్ళలో ఉండాలని నా కోరిక. ఇంత చిన్న కోరికని ఇంతకాలం ఎలా దాచగలిగానా అని ఆశ్చర్యపోతూ ఉంటాను. పెద్ద కోరికలైతే ఎక్కడో ఒకచోట బయటపడిపోతాయి. చిన్నవి జేబులో పట్టేస్తాయి.

తువ్వాళ్ళ బల్ల వెనక ఒకావిడ కూర్చుని ఉంది. చీర మీద హోటల్ వాళ్ళ కోటు, కోటు మీద పైడితల్లి అని పేరు, జడలో కనకాంబరాలు.

“ఏ రూమండి బావూ?” అంటుంది.

“రూము లేదమ్మా. నేను ఇక్కడ దిగలేదు. మా స్నానాలగది తలుపు...”

“రూము లేదు కదా, అదీ మాట. రూమున్నోల్లని కొలన్లోకి ఒగ్గం.”

“ఎందుకని?”

“ఆల్లకి కిటికీ ఇచ్చీసేం కదా. ఆల్లూ దిగిపోతే కిటికీలోంచి సూసీదెవులు?”

నేను తలెత్తుతాను. ప్రతి కిటికీలోనూ ఒకరున్నారు. స్నానం తర్వాత వేసుకునే తెల్లటి అంగరఖాలు తొడుక్కుని, కాఫీ కప్పులు పట్టుకుని, తమ పని తాము శ్రద్ధగా చేస్తున్నారు.

కొలనులో ఏడుగురున్నారు. ఒక్కరికీ గది లేదు. మెట్టు మీద కూర్చున్నావిడ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పారేసిన ఈనె నీళ్ళలో కాసేపు తేలి, ఏదో గుర్తొచ్చినట్టు ఈదుకుంటూ వెళ్ళిపోతోంది. ఆవిడ పేరు నీలవేణి, దర్జీ పని చేస్తుందని పైడితల్లి చెబుతుంది. ఆమె పక్కన గొంతుదాకా మునిగి పేపరు చదువుతున్నాయన మహంతి మాస్టారు, బళ్ళో డ్రాయింగు నేర్పేవారట. పేపరు సగం నీళ్ళలో ఉంది.

“తడిసిపోతోందండీ,” అంటాను.

“అన్నీ వాన వార్తలే. ఇది వచ్చేటప్పుడే తడిసి వచ్చింది,” అంటారాయన.

పైడితల్లి నా వైపు తిరిగి చెయ్యి చాపుతుంది. “దిగండి బావూ. నీల్లు బాగున్నాయి.”

“అబ్బే, పర్వాలేదమ్మా. నేను ఇప్పుడే స్నానం చేసి వచ్చాను,” అంటాను. నా చేతిలో మగ్గు ఎండిపోయి ఉంది.

కొలను వింటుంది. వడ్డించబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నట్టు చప్పుడు లేకుండా లోపలికి ముడుచుకుంటుంది. అటు చివరి గట్టు ఇటు వచ్చేస్తుంది. నిన్నటి ఎండ కనబడదు. ఇప్పుడు కొలను ఒక భోజనాల బంతి అంత ఉంది.

“ఏమండోయ్ పెద్దమనిషీ!” అంటుంది నీలవేణి. “ఇప్పటిదాకా హాయిగా కాళ్ళు చాపుకుని కూచున్నానండీ. మీ మర్యాద మీ ఇంట్లో పెట్టుకుని రాకూడదూ?”

“నేనేం అన్నాను?”

మహంతి మాస్టారు పేపరు మడుస్తారు. “వద్దన్నావు. నీళ్ళకి మొహమాటం తెలీదయ్యా. మనుషులం కాబట్టి మనకి తెలుసు, వద్దంటే ఇంకో రెండుసార్లు అడగమని. వీటికి ఎవరూ చెప్పలేదు. వద్దంటే నిజంగా వద్దనుకుని నొచ్చుకుంటాయి.”

“మూడుసార్లూ వద్దంటేనో?”

“వెనకవైపు ఇంకో కొలను ఉండేది. ఒకాయన మూడుసార్లు వద్దన్నాడు. చాలా మంచివాడు పాపం. ఇప్పుడది రిసెప్షన్లో గాజుగ్లాసులో ఉంది. దుమ్ము పడకుండా మూత పెట్టారు.”

“అందులో ఉన్నవాళ్ళో?”

“ఇళ్ళ దగ్గర బకెట్లతో పోసుకుంటున్నారు,” అంటారు, చాలా నెమ్మదిగా.

నేను గట్టు మీద నిలబడి నన్ను నేను పరిశీలించుకుంటాను. ఇది నాకు అలవాటే. వద్దు అనే మాట నాకంటే ముందు పుట్టింది. ఏడేళ్ళప్పుడు పిన్ని వాళ్ళింట్లో అప్పాల పళ్ళెం నా ముందుకి వస్తుంది. అమ్మ చెయ్యి నా తొడ దగ్గరికి వస్తుంది. రెండూ ఒకేసారి. పెట్టగానే తీసుకుంటే ఇంట్లో తిండి లేదనుకుంటారని గిల్లుడికి అర్థం. నేను వద్దంటాను. రెండోసారి అడుగుతారని చూస్తాను. పళ్ళెం మా పిన్ని కొడుకు దగ్గరికి వెళ్ళి, వాడి దగ్గర ఆగిపోతుంది. అప్పటినుంచి ఎవరేమిచ్చినా తొడ మీద అదే చోట చురుక్కుమంటుంది, నోరు దాని పని అది చేసేస్తుంది. నాకు ఇష్టమైనవాటికే గట్టిగా వద్దంటాను. ఇష్టం లేనివి ఇంటినిండా ఉన్నాయి.

ఈసారి జాగ్రత్తపడతాను. సరే అనే మాటని నాలుక మీద అడ్డంగా పెట్టుకుని, పళ్ళతో పట్టుకుంటాను.

“మల్లీ అంతన్నాను,” అంటుంది పైడితల్లి. “దిగండి బావూ.”

“మీరు కానివ్వండమ్మా. నాకేం తొందర లేదు,” అంటాను.

వద్దు అనలేదు కదా అని ఒక్క క్షణం సంతోషిస్తాను. కొలనుకి ఈపాటికి నా సంగతి అర్థమైపోయింది. అది మళ్ళీ ముడుచుకుంటుంది. ఈసారి షేర్ ఆటోలో వెనక సీటంత అవుతుంది. ఏడుగురూ అందులోనే ఉన్నారు. ఒకరి మోకాలు ఇంకొకరి చంకలో ఉంది. చిక్కుడుకాయల పళ్ళెం నీలవేణి నెత్తికెక్కింది. మహంతి మాస్టారు పేపరుని ఎనిమిది మడతలు పెట్టి ఒకే ఒక్క వార్త చదువుతున్నారు.

“బాగా పిలిచావే పైడితల్లీ!” అంటుంది నీలవేణి. “ఈయన ఇంకోసారి మర్యాద చేస్తే మనందరం కలిసి ఒకే మనిషైపోతాం. ఎవరి మొగుడు ఎవర్ని తీసుకెళ్ళాలో తెలీదు.”

అందరూ నవ్వుతారు. ఒకరు నవ్వితే ఏడుగురి పొట్టలూ కదులుతున్నాయి.

అప్పుడు నా మొహమాటం నాలోంచి బయటికి వస్తుంది. బస్సులోంచి దిగినట్టు ఎడమవైపు నుంచి దిగి, చొక్కా సర్దుకుంటుంది. నా ఎత్తే, నా కళ్ళజోడే. చొక్కా మాత్రం నాదానికంటే బాగా ఇస్త్రీ చేసి ఉంది. చిన్నగా దగ్గి, “ఏమీ అనుకోకండి. నేను గది తీసుకుంటాను. పరాయి చోట ఇలా గది లేకుండా నిలబడడం నా వల్ల కాదు,” అంటుంది.

“తీసుకో,” అంటాను.

“మీకు ఇబ్బంది లేదు కదా?”

“లేదు.”

“నిజంగా లేదా, నా కోసం అంటున్నారా?”

“నిజంగానే.”

అది రిసెప్షన్ వైపు నడుస్తుంది. తలుపు దగ్గర ఎవరూ లేకపోయినా పక్కకి తప్పుకుని, ఎవరో ముందు వెళ్ళేదాకా ఆగి, తర్వాత తను వెళ్తుంది. రిసెప్షన్ తలుపు అద్దంలోంచి చూస్తుంటే కె. అచ్యుతం అని నా పేరే రాసి సంతకం పెడుతోంది. కాసేపటికి నాలుగో అంతస్తు కిటికీలో కనబడుతుంది. అంగరఖా తొడుక్కుంది. నాకు సగం చెయ్యి ఊపి, చెయ్యి ఊపినందుకు పక్క కిటికీవాళ్ళకి క్షమాపణ చెబుతుంది.

“మీ తమ్ముడేటండి?” అంటుంది పైడితల్లి.

“కాదు. చిన్నప్పట్నించీ కలిసి ఉంటున్నాం.”

నోట్లో ఖాళీగా ఉంది. పన్ను ఊడినచోటికి వెళ్ళినట్టు నాలుక మాటిమాటికీ అక్కడికి వెళ్ళి వెతుక్కుంటోంది. తొడ మీద చురుకు లేదు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. నాకు ఈల వెయ్యడం రాదు గాని, వేస్తే ఇప్పుడు వచ్చేలా ఉంది. ఇంక ఆవిడ మూడోసారి పిలవడమే తరువాయి.

పైడితల్లి తువ్వాళ్ళు మడతపెడుతోంది.

“అమ్మా,” అంటాను.

“నాను పిలవను బావూ. మీరు మల్లీ ఏటో ఒకటనీస్తారు. కొలను గలాసైపోద్ది. ఈల్లందరూ ఏటైపోవాల?”

“అది వెళ్ళిపోయింది కదమ్మా.”

“ఎక్కడికెల్లింది? సూడండి పైకి.”

నాలుగో అంతస్తు కిటికీ తెరుచుకుంటుంది. “బాగుండదేమో!” అంటుంది నా మొహమాటం సన్నటి గొంతుతో. “అందరూ చూస్తున్నారు!” అందరూ చూస్తున్నమాట నిజమే, వాళ్ళ ఉద్యోగమే అది. కొలను అంచు వణుకుతుంది. ఒక చారెడు నీళ్ళు అప్పుడే గ్లాసు ఆకారంలోకి లేచి, మళ్ళీ కింద పడతాయి.

“పోనీ ఇంటికి వెళ్ళిపోతాను,” అంటాను.

“వెళ్ళినా వద్దన్నట్టే,” అంటారు మహంతి మాస్టారు. ఆయన గొంతులో మొదటిసారి భయం వినబడుతుంది. “పదకొండేళ్ళుగా వస్తున్నానయ్యా. బయట నాకు నడుస్తుంటే మోకాళ్ళు పలుకుతాయి. ఇక్కడ పలకవు.”

నేను వెళ్ళలేను. ఉండీ లాభం లేదు. పిలిచేవాళ్ళు లేరు. మీ సంగతేమిటి, మిమ్మల్ని ఎవరు పిలిచారు, అని నీలవేణిని అడుగుతాను. వాళ్ళకి వచ్చిన పిలుపు ఎలా ఉందో తెలిస్తే నాకూ అలాంటిదే తెప్పించుకోవచ్చు.

నీలవేణి నెత్తి మీద పళ్ళెం కదలకుండా కళ్ళు మాత్రం నా వైపు తిప్పుతుంది. “ఎవరు పిలుస్తారండీ? మిషను దగ్గర కూచుని కూచుని నడుం పట్టేసింది. బీరువా తీశాను, కొలను కనబడింది. దిగాను. ఈయన్నెవరు పిలిచారు, ఆయన్నెవరు పిలిచారు? పైడితల్లి దిగమనేది దిగేశాక. అది ఆవిడ మంచితనం.”

“అడక్కుండానే దిగారా?”

“అడిగితే వద్దనేవాళ్ళేమో. ఎందుకొచ్చిన గొడవ!”

ఇది నాకు కొత్త సంగతి. నేను దాన్ని రెండువైపులా తిప్పి చూస్తాను. ఎక్కడా అచ్చుతప్పు లేదు.

ఇప్పుడు మిగిలింది చోటు. షేర్ ఆటో సీటంత నీళ్ళలో ఏడుగురున్నారు. ఎనిమిదో మనిషి పట్టే సందు ఎక్కడా లేదు. ఎక్కడైనా సందు ఉంటే కూర్చోవడం, లేకపోతే నిలబడడం. ఇన్నాళ్ళూ నేను పాటించిన నియమం అదే. బస్సుల్లో, రైళ్ళలో, ఆస్పత్రి బల్లల దగ్గర నిలబడే ఉన్నాను. సందు లేనిచోట జనం ఒక మాట అంటూ ఉంటారు. వేలసార్లు విన్నాను. ఒక్కసారీ అనలేదు.

కళ్ళజోడు తీసి, తువ్వాలుతో పాటు పైడితల్లి బల్ల మీద పెడతాను. ప్రపంచం కాస్త మెత్తబడుతుంది. గట్టు అంచుకి వచ్చి, నీలవేణికీ మహంతి మాస్టారికీ మధ్య లేని చోటుని చూపిస్తూ అంటాను:

“కాస్త జరగండి.”

“అదీ!” అంటుంది నీలవేణి, జరుగుతూ. ఆవిడ జరిగితే పక్కావిడ జరుగుతుంది. మహంతి మాస్టారు అటు జరుగుతారు. ఏడుగురూ జరిగాక చోటు చాలక కొలను గట్టు జరుగుతుంది. గట్టు జరిగిందని హోటల్ లేచి, కిటికీలన్నీ ఒళ్ళో పెట్టుకుని, ఒక అడుగు అవతల కూర్చుంటుంది. పైన కాఫీ కప్పులన్నీ ఒకేసారి గలగలమంటాయి. ఎవరికీ కోపం రాదు. బీచ్ రోడ్డు జరుగుతుంది. ఇసుక జరుగుతుంది. సముద్రం కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని లేచి, పక్కనున్న సముద్రం వైపు చూస్తుంది. అది కూడా జరుగుతుంది. ఓడలు సర్దుకుంటాయి. అటుపక్క దేశాలవాళ్ళు అన్నం తింటూ తింటూ కంచాలతో సహా జరుగుతున్న చప్పుడు దూరంగా వినబడుతుంది.

నా ముందు నీళ్ళలో నా వెడల్పంత చోటు ఉంది. దిగుతాను. చల్లగా మోకాళ్ళకి, నడుముకి, గుండెకి, తర్వాత మెడకి వస్తుంది. ఎవరి మోచెయ్యో నా పక్కటెముకలకి ఆని ఉంది. నేను నవ్వితే ఎనిమిదిమంది పొట్టలు కదులుతాయి.

అంతలో ఆ జరగడం భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఇంకోవైపు నుంచి వచ్చి నా ఎడమ భుజానికి మెత్తగా తగులుతుంది. తిరిగి చూస్తాను. మంచు పట్టిన ఒక పర్వతం, మోకాళ్ళదాకా తడిసి, చోటు కోసం బిడియంగా నిలబడి ఉంది.

నేను కాస్త జరుగుతాను.