ఎర్ర రిబ్బను కట్టిన తీగలు

గిద్దలూరులో మామ రామసుబ్బయ్య మూలికల దుకాణం గడప దాటగానే ఉమ కాలికి ఎర్ర రిబ్బను చుట్టుకుంది. వంగి లాగితే దాంతోపాటు నరికిన తీగ మొదలు ఒకటి కదిలి వచ్చింది. ఆ ముడి తనదే, చిన్నప్పుడు జడకు వేసుకున్న రెండు చెవుల ముడి. తలెత్తి చూస్తే లోపల గోడ దాకా పట్టా పరిచి, దాని మీద పచ్చి వాయువిడంగాలు ఆరబోసి ఉన్నాయి. అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది.

ఉమ పరిశోధనంతా ఆ తీగల మీదే. నల్లమలలో ఎండనక వాననక తిరిగి తిరిగి, చెప్పులు అరిగి, జ్వరాలొచ్చి, చివరికి ఒక వాగు ఒడ్డున వాటిని పట్టుకుంది. కడుపులో పురుగులకు నూరి ఇచ్చే వాయువిడంగాలు కాసేది ఈ తీగలే. చలిదేశాల తోటల్లో పూసే ప్రిమ్‌రోజ్ పూలూ ఇవీ ఒకే కుటుంబమని చదివిన రోజు ఆమెకు కాలు నిలవలేదు, ఎవరికో ఒకరికి చెప్పకుంటే కడుపుబ్బిపోయేట్టుంది. మామకే చెప్పింది. "దొరల తోటలో పువ్వు మన తీగకు చుట్టమా? ఒక్క పెళ్ళికన్నా పిలిచినారా కోడలా?" అని ఆయన నవ్వాడు. ఉమ కూడా నవ్వింది.

ఆ తీగల్లో మగవి వేరు, ఆడవి వేరు. కాయ కాసేది ఆడవే, అవి పట్టుమని పది కూడా లేవు. కాయ తీగమీదే బాగా పండాలి, అట్లా పండినా ఆ గింజ మొలవడం అపురూపం. పండేదాకా కాచి, గింజ తీసి, మొలక తెప్పించి, మళ్ళీ ఆ వాగు ఒడ్డునే నాటాలన్నది ఆమె పంతం. గుబురులో ఆడ తీగ ఏదో మగ తీగ ఏదో దూరం నుంచే తెలియాలని ఆడవాటికి మాత్రం ఎర్ర రిబ్బను కట్టింది. ఆ రిబ్బను చుట్ట పక్క ఫ్యాన్సీ షాపులో కొనిచ్చింది మామే. బస్సు దొరకని రోజు బండి మీద వాగు దాకా దించి వచ్చిందీ మామే.

"మామా, ఎవరు నరికినారు ఇవి?"

ఆయన తక్కెడ పక్కన పెట్టి, మంచి పని చేసినవాడిలా ముఖం పెట్టాడు. ఇద్దరు మనుషుల్ని పంపించాడట. అడివంతా గాలించే పని లేకుండా పూటలో తిరిగి వచ్చేశారట. అమ్మాయి చదువు ఇన్నాళ్ళకు ఇంటికి పనికొచ్చిందని చూసినవాళ్ళందరికీ చెబుతున్నాడట.

"కాయలు కావాలంటే కాయలు కోసుకోవాల. మొదలెందుకు నరికించినావు?"

"తీగ పోయి చెట్టు కొసన కూచుండాది. ఎక్కి కోసి, కిందపడి నడుమిరగ్గొట్టుకుంటే వాని పెండ్లానికి నువ్వు చెప్తావా సమాధానం? నరికి గుంజితే అంతా కిందికే వస్తాది."

"కాయ ఇంకా ముదరలేదు మామా! నీ మందుకూ పనికిరాదు, నా విత్తనానికీ పనికిరాదు."

"ఎండితే అన్నీ నల్లగనే ఉంటాయిలే." తర్వాత ఆయన గొంతులో కూడా కొంచెం వేడి ఎక్కింది. "నా మీద అరుస్తావేంది? ఎవురి కంటా పడకుండా దాక్కోనున్నదానికి ఎర్ర గుడ్డ కట్టింది నువ్వు. ఎర్ర గుడ్డ ఉన్నది కోసుకు రాండి అంటి, కోసుకొచ్చినారు."

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. తగిలినందుకు ఇంకా మండింది. లోపల్నుంచి మామ తల్లి గురమ్మవ్వ మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చి, తాగవే, ఆ కోపానికి కొట్టు కాలిపోయేట్టుంది అంది. ఉమ గ్లాసు ముట్టుకోలేదు. ఆటో మాట్లాడుకుని, అది పోయినంత దూరం పోయి, మిగతాది నడిచింది.

వాగు ఒడ్డున ఎటు చూసినా మోడులే. కత్తి వేటుకు అందిన చోటల్లా తెగ్గొట్టి గుంజేశారు, పక్కనున్న చెట్ల కొమ్మలు కూడా విరిగి వేలాడుతున్నాయి. కొన్ని మోడులకు రిబ్బన్లు అట్లాగే ఉన్నాయి. మగ తీగలను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మామ మీద, ఆ మనుషుల మీద, ముచ్చటగా చెవులు లాగి ముడేసిన తన వేళ్ళ మీద ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే, ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. తీగలకు కట్టిన రోజు చివర్లో రిబ్బను అయిపోయింది. బండరాయి వెనక ఉన్న ఒక తీగకు మళ్ళీ వచ్చినప్పుడు కడదాంలే అని బద్ధకించి వెళ్ళిపోయింది. పరిగెత్తింది. ఉంది! తీగ నిండా కాయ, చెట్టు కొస దాకా, ఒక్క ఆకు నలగకుండా.

అక్కడే నిలబడి తన పరిశోధన గైడుకు ఫోన్ చేసింది. తీగలన్నీ నరికేశారు సార్ అని మొదలుపెట్టింది, ఒక్కటి మిగిలిందని చెప్పబోయింది. ఆయన మధ్యలోనే అందుకుని, బాధపడొద్దమ్మా, ఎండబెట్టి అట్టకు అంటించిన నమూనాలు మన దగ్గర ఉన్నాయి కదా, నీ థీసిస్‌కు అవి చాలు అన్నాడు. ఇంకేవైనా మిగిలి ఉంటే ట్యాగ్ కట్టి, ఫోటో తీసి, లొకేషన్‌తో సహా పరిశోధకుల గ్రూపులో పెట్టమన్నాడు. పచ్చి కొమ్మలు కావాలని చాలామంది అడుగుతున్నారట.

ఉమ ఫోన్‌ను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసి మళ్ళీ పెట్టుకుంది. మామ కత్తి పంపించాడు, ఈయన దారి చెప్పమంటున్నాడు. రెండూ ఒకటే.

"మిగల్లేదు సార్. ఒక్కటి కూడా లేదు."

ఫోన్ పెట్టేసి, మోడుల మీది రిబ్బన్లన్నీ ఒక్కొక్కటే విప్పింది. వాగుకు అవతల, ఆ తీగకు బాగా దూరంగా, మనిషెత్తు పెరిగిన పులికంప పొదలు ఉన్నాయి, మేక కూడా మూతి పెట్టని ముళ్ళ కంప. వాటిలోకి దూరి, చేతులు గీరుకుంటున్నా పట్టించుకోకుండా, లోపల్లోపలి కొమ్మలకు రిబ్బన్లు కట్టింది. అదే రెండు చెవుల ముడి.

వారం తిరక్కుండానే మామ ఫోన్ చేశాడు. "ఏంది కోడలా ఇది? మళ్ళా ఎర్ర గుడ్డలు కనపడినాయని మావోళ్ళు పోయి పులికంపలో పడినారు. ఒళ్ళంతా చీరుకుపోయి వచ్చినారు. ఎగతాళిగా ఉండాదా నీకు?"

"నా చదువు ఇంటికి పనికొస్తాదంటివి కదా మామా. ఎట్లుంది?"

మామ గొంతు తగ్గించి, నిజం చెప్పు, ఇంకా ఏమన్నా ఉండాయా అక్కడ అని అడిగాడు.

"లేవు. అన్నీ నువ్వే నరికిస్తివి. ఊర్లో అందరికీ అదే చెప్పుకో."

అప్పుడామె బండరాయి వెనకే కూర్చుని ఉంది. తల మీద కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.