పత్తికట్టె పొగ

"గోడలకు ఇంకో రెండు సార్లు సున్నం కొడితె ఐపాయె. దీనికి గింత లొల్లెందుకే అనసూర్యా" అన్నాడు మా ఆయన సిద్దిరాములు, నేను స్టూలెక్కి వంటింటి గోడ రుద్దుతుంటే.

ఆయన మాట విన్నందుకే నాకీ తిప్పలు. పదిహేను రోజుల కిందట మసి మీదనే సున్నం కొట్టించాడు. మొదటి రోజు గది తెల్లగా మెరిసిపోయింది. మూడో రోజుకు లోపలి నుంచి చాయ్ రంగు మరకలు పైకి తేలాయి, తడికి వాసన రెట్టింపయిందని ఇంటికొచ్చినవాళ్లన్నారు. కల్తీ సున్నం అంటగట్టాడని ఆయన దుకాణం వాణ్ణి తిట్టాడు. అడుగున మసిని ఉంచి పైన తెల్లగా పూస్తే అది ఊరుకోదని నేనన్నా చెప్పాల్సింది. ఇరవై ఆరేళ్లు ఆ గదిలో కూర్చున్నదాన్ని నేనే కదా. చెప్పలేదు. ఆయన చేసే పనికి అడ్డం చెప్పడం నాకు అలవాటు లేదు. ఇప్పుడు ఆ సున్నమంతా గీకి, వేడి నీళ్లలో బట్టల సోడా కలిపి, కొబ్బరి పీచుతో మళ్లీ మొదటి నుంచి రుద్దుతున్నాను. నల్లటి నీళ్లు మోచేతుల మీదుగా రవికెలోకి కారుతున్నాయి.

ఇదంతా గురువారం కోసం. మా కోడలు రమ కాన్పుకని ఖానాపూర్‌లోని తల్లిగారింటికి పోయింది. మనవరాలికి ఐదో నెల వచ్చింది. ఐదో నెలలో తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చుకోవడం మా ఆనవాయితీ, గురువారం మంచి రోజు. రమ రానని అనలేదు. "వాసన పోయినంక చెప్పు, వస్త" అన్నదట మా కొడుకు హరీష్‌తో. వాడికది వంకలా తోచింది. "పొగ వాసనకు ఎవలన్న ఇల్లు ఇడిసిపెడ్తరా అవ్వా?" అని నన్నడిగాడు. నేనూ తలూపాను.

లక్సెట్టిపేటలో మా ఇంటి కట్టెల పొయ్యి మొదట్లో పెరట్లో రేకుల కింద ఉండేది. పొగ దాని దారిన అది పోయేది. స్లాబు వేసినప్పుడు, వానకు కట్టెలు తడుస్తున్నాయని ఆయన ఆ పొయ్యి చుట్టూ గోడలు లేపి ఇంట్లో కలిపేశాడు. పొగ పోవడానికి పైన జానెడు జాలీ ఒకటి పెట్టించాడు. చాయ్‌కీ కూరకీ గ్యాస్ ఉంది. రాత్రి జొన్న రొట్టెలు మాత్రం పత్తికట్టె మంట మీదే కావాలి. రొట్టెను పెంక మీద కాల్చి, తీసి నిప్పులకు ఆనించి నిలబెడితే పొంగుతుంది. అబద్ధమెందుకు, ఆ రొట్టె నాకూ ఇష్టమే. కాకపోతే తినేవాళ్లు ముందు గదిలో ఫ్యాను కింద ఉంటారు. "గ్యాస్ మీద చేస్తె గది రొట్టెనా, అట్టముక్క" అనేవాడు ఆయన. కళ్లు మండుతున్నాయని నేనంటే, "మా కండ్లు మండలేదా?" అనేది మా అత్త. ఆ మాటకు నేను ఎంత ఏడ్చానో నాకు తెలుసు. ఏడ్చిన మనిషి ఆ మాటను ఇంకొకరితో అనకుండా ఉండాలి. నేనన్నాను.

రమ ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. పెళ్లయి వచ్చిన నెలకే పొయ్యి ఆమెకు అప్పగించి, నేను ముందు గదిలో టీవీ ముందు చేరాను. ఆ సుఖం ఎంత బాగుండేదో చెప్పాలంటే సిగ్గవుతున్నది. రోజూ ఏడింటికి కూర్చున్న చోటు నుంచే "రొట్టెలైనయా రమా" అని కేకేసేదాన్ని. ఒకరోజు బడి నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. "అత్తమ్మా, మూడో తరగతి పిల్లొకతె నా పక్కకు రానంటున్నది. టీచర్ దగ్గర కాలిన వాసనొస్తదన్నదట. ఉతికి బీరువల పెట్టిన చీరలు గుడ గట్లనే వాసనొస్తున్నయి" అంది. నవ్వుతూనే చెప్పింది గానీ, చెప్తూ కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. నేను టీవీ మీంచి చూపు తిప్పకుండా "మాకు రాలేదా బిడ్డా. జర పౌడరేస్కో" అన్నాను. ఆమె లేచిపోయి పిండి తడుపుకుంది. కడుపుతో ఉండి పొయ్యి దగ్గర వాంతులు చేసుకున్నప్పుడు కూడా "అందరికైతయి" అనే అన్నాను. మా ఇంట్లో వాసన ఉందని ఎవరన్నా అంటే, వాళ్ల ముక్కే మరీ సున్నితం అనుకునేదాన్ని.

పోయిన వారం మనవరాలిని చూద్దామని ఖానాపూర్ పోయాను. ఎత్తుకోగానే పాప రెండుసార్లు తుమ్మి, మొహం పక్కకు తిప్పుకుంది. రమ ఏమీ అనకుండా పాపను తీసుకుని, తన ఉతికిన చీర ఒకటి నా చేతిలో పెట్టింది. "తానం చేసి గిది కట్టుకోండ్రి అత్తమ్మా." వియ్యపురాలు కమలవ్వ ముందు అట్లా అన్నందుకు నాకు ఒళ్లు మండింది. తలంటు పోసుకుంటూ కోడల్ని మనసులో నానా మాటలూ అన్నాను. బయటికి వచ్చాక పాప నా భుజం మీద సుఖంగా నిద్రపోయింది. నాలుగు రోజులున్నాను. ఆ ఇంట్లో రమ పెద్దగా నవ్వుతుంది. మా ఇంట్లో రెండేళ్లున్నా ఆ నవ్వు నేను వినలేదు. "నేను తప్పు చేసిన బిడ్డా" అని చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే బస్సెక్కాను.

తిరిగొచ్చి మా ఇంటి తలుపు తీసి అడుగు పెట్టగానే గొంతులో ఏదో చేదుగా దిగింది. ఏదో కాలుతోందని కంగారుపడి ఇల్లంతా తిరిగాను. ఏమీ కాలడం లేదు. పొయ్యి చల్లగా ఉంది. బొంతల్లో, పరదాల్లో, దేవుడి పటాల వెనక, బీరువాలోని నా పట్టుచీరలో, అంతటా అదే వాసన. ఇన్నేళ్లకు నా ఇంటి వాసన నాకు తెలిసింది. రమ రోజూ ఇందులోకే కదా వచ్చింది అనుకుంటూ గడప మీద కూలబడి ఏడ్చాను. గంట గడిచేసరికి నాకు మళ్లీ ఏ వాసనా తెలియడం లేదు. దానికి ఇంకా ఎక్కువ భయమేసింది.

నా ముక్కును నమ్మలేక పక్కింటి యాస్మీన్‌ను పిలుచుకున్నాను. ఐదు రోజులు పొయ్యి రాజేయకుండా గోడలు రుద్దాను, ఫ్యాను రెక్కలు తుడిచాను, బొంతలు విప్పి దూది ఎండబెట్టాను. రోజూ సాయంత్రం యాస్మీన్ వచ్చి గడపలో నిలబడి వాసన చూసేది. "ఇంక ఉన్నది అక్కా" అనేది. నేను మళ్లీ బకెట్ ఎత్తేదాన్ని. బుధవారం సాయంత్రం మాత్రం చాలాసేపు నిలబడి, "ఇప్పుడు సోడా వాసన ఒక్కటే అక్కా. ఇగ ఫికర్ లేదు" అంది. చీర ఊయల కట్టాను. నా చేతులు పాప బరువు కోసం ఎదురు చూస్తున్నాయి.

అంతలో ట్రాక్టర్ చప్పుడైంది. ఆయన పత్తికట్టె తెప్పించాడు. పెరట్లో ఎత్తుగా కుప్ప పోయించి, చేతులు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు.

"రేపు రమ వస్తది గద. గ్యాస్ రొట్టెలు తిని నోరు సచ్చిపాయె."

"పొయ్యి తీసేద్దమనుకుంటున్న" అన్నాను.

"తీసేస్తె రొట్టెలు ఏడ చేస్తది?" అన్నాడు. నేను ఏదో లెక్క తప్పినట్టు విచిత్రంగా చూశాడు.

"మంచిగ సాపు చేసినవు గద అవ్వా, ఇంకేం పరేషాన్?" అన్నాడు హరీష్ ఫోన్ చూసుకుంటూ. "జాలీకాడ చిన్న ఫ్యాను పెట్టిద్దాం తీయి, తర్వాత."

ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. పొయ్యి ఉంటే రాజుకుంటుంది. నెల తిరిగేసరికి గోడలు మళ్లీ నల్లబడతాయి. రమ చీరలకూ పాప జుట్టుకూ అదే వాసన పడుతుంది. నాకు తెలియనే తెలియదు. ఏడింటికి టీవీ ముందు కూర్చుని నేనే కేకేస్తాను.

ఫోన్ మోగింది. రమ.

"అత్తమ్మా, సామాను సర్దుకున్న. పొద్దుగాల బస్సుకు వస్తం. వాసన పోయిందా?"

వెనక పాప కేరింతలు కొడుతోంది. పోయిందంటే రేపీపాటికి నా చేతుల్లో ఉంటుంది. ఆయన పోయిందని చెప్పమని చెయ్యి ఊపాడు. గోడలు శుభ్రంగా ఉన్నాయి, ఆ మాట అబద్ధం కూడా కాదు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకున్నాను.

"రేపు రాకు బిడ్డా" అన్నాను. "గీ పొయ్యి తీసేసిండ్రని యాస్మీన్ చెప్పినంకనే రా. గప్పటిదాక ఎవలు పిలిచినా రాకు. నేను పిలిచినా రాకు."