కిటికీ దగ్గరి చరణం

ఆదివారం తొడుక్కునే తెల్ల నిలువుటంగీని ఆలిస్ శనివారం పొద్దున్నే ఉతికి, గంజి పెట్టి, మధ్యాహ్నం బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దుతుంది. పన్నెండేళ్లుగా ఇదే వరస. అంగీ ఆమె భర్త జ్ఞానశేఖర్‌ది. దాన్ని తొడుక్కుని అతను చిలకలగూడ చిన్న చర్చిలో చేసే ప్రసంగం కూడా ఈ ఇస్త్రీబల్ల మీదే తయారవుతుంది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో పెన్సిలు. ఆలిస్ మిషన్ బడి చదువు ఊరికే పోతుందా మరి. "నీ రాత మంచిగుంటది, నా గొంతు మంచిగుంటది. దేవుడు జోడీ కలిపిండు" అన్నాడు పెళ్లయిన కొత్తలో. ఆ మాటకు అప్పుడు మురిసిపోయింది, పిచ్చిది.

రేపటిది మామూలు ఆరాధన కాదు. నైజాం లొంగిపోయి ఎనిమిది రోజులైంది. ఇండియా సైన్యం పక్కనే ఉన్న లష్కరులో దిగింది, జనం లారీలకు దండలు వేశారు, ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టిన గల్లీలు ఒక్కసారిగా కేకలు పెట్టాయి. సంఘపెద్దలు కృతజ్ఞతారాధన పెట్టమన్నారు. "దెబోరా గెలుపు పాట మీద చెప్తా, ఆడోళ్లు సుత ఖుష్ అయితరు. నువ్వు ఒక కీర్తన కట్టు, జనం ఎంబడి పాడేటట్టు" అన్నాడు జ్ఞానశేఖర్.

ఆ చర్చికి వచ్చేవాళ్లలో సగానికి పైగా రైల్వే యార్డు కూలీలు, చదువు రానివాళ్లు. అందుకని ఆడవాళ్ల చాప మీద కూర్చుని ఆలిస్ ఒక్కో వరస పాడుతుంది, అందరూ దాన్ని అందుకుంటారు. గుడిలో ఆమె నోరు తెరిచేది అందుకొక్కదానికే. ఒకసారి ఏదో పరధ్యానంలో పాత నిబంధనలోని మిర్యాముకు బదులు క్రీస్తు తల్లి మరియమ్మ చేత తంబుర వాయించి సముద్రం దాటించింది. నూటయాభై మందీ భక్తిగా మరియమ్మనే దాటించారు. ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

బైబిల్లోని ఆ దెబోరా గురించి రాస్తుంటే ఆలిస్‌కు నవ్వూ వచ్చింది, కుళ్లూ వచ్చింది. ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని ఇశ్రాయేలుకంతటికీ తీర్పులు చెప్పిందట. నువ్వు వస్తేనే యుద్ధానికి పోతానని సేనాధిపతి పట్టుబడితే సరే పదమందట. ఆమెకు లప్పీదోతు అని మొగుడున్నాడు. అతని పేరు తప్ప ఇంకేమీ రాయలేదు. ఆమె చెట్టు కింద ఉన్నంతసేపూ ఇంట్లో పొయ్యి ఎవరు రాజేశారు? చాయ్ ఏదని అతను కేకెయ్యలేదా? అత్త లేదా ఆమెకు? ఆలిస్ అత్త రోసమ్మ అయితే ఏనాడో తేల్చేసింది: "పెట్ట కూస్తే తెల్లారుతదా?" రేపు ఒక స్త్రీ దేశాన్ని నడిపించిన కథను జ్ఞానశేఖర్ గొంతెత్తి చెబుతాడు. ఆ కథ రాసిన స్త్రీ చాప మీద కొంగు కప్పుకుని వింటుంది.

రోసమ్మ ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఉంది. వీధిలో సైకిలు గంట మోగితే చాలు, చెంగు సర్దుకుని తల ఎత్తుతుంది. పెద్దకొడుకు యేసురాజు పటాలంలో చేరి బర్మా పోయాడు. జాడ తెలియలేదని ఒక కాగితం వచ్చి నాలుగేళ్లయింది. ఆ కాగితం ఊసు ఆమె ముందు ఎవరూ ఎత్తరు.

ఎదురింటి కిటికీకి గోనెపట్టా పరదా. దాని చాటున రసూల్ బీ ముఖం. పొద్దున చూసినా అక్కడే, మాపు చూసినా అక్కడే. మూడో కాన్పు కూడా పోయినప్పుడు రోసమ్మ గోడవైపు తిరిగి పడుకుంటే, ఆలిస్‌కు వేణ్ణీళ్లు పోసి తల తుడిచింది ఆ రసూల్ బీయే. ఆమె కొడుకు ఇమామ్ నైజాం తరఫు రజాకార్ల ఖాకీ తొడుక్కుని పోయాడు, సూర్యాపేట దిక్కు అన్నారు. ఇంకా రాలేదు. ఇమామ్ మంచివాడని ఆలిస్ తనకు తాను అబద్ధం చెప్పుకోలేదు. పూలమ్మే ముసలాయన్ని అందరి ముందూ చెంప మీద కొట్టిన చెయ్యి అతనిది. నల్లా దగ్గర ఆలిస్ బిందె ఎత్తుకొచ్చి ఇచ్చిందీ ఆ చెయ్యే.

రోజూ పొద్దున నిప్పు అడగడానికి వచ్చే రసూల్ బీ లొంగుబాటు తరువాత గడప తొక్కలేదు. గల్లీలో ఎవరూ పలకరించడం లేదు. నిన్న ఆలిస్సే నిప్పుకణికలు పట్టుకెళ్లింది. "బిడ్డా, మీ గుడిల మావోని కోసం జెర దువా చేపియ్యి. బతికున్నడో లేదో గంతే తెల్వాలె" అంది ముసలిది, చెయ్యి పట్టుకుని. చేపిస్తా ఖాలా అని ఆలిస్ మాటిచ్చేసింది.

"రజాకారు కోసం ప్రార్థననా? దిమాగ్ ఉందా నీకు? గుడి మీద రాళ్లు పడుతయి" అన్నాడు జ్ఞానశేఖర్, ఆమె ఆ సంగతి ఎత్తగానే.

అందుకే ఇచ్చిన మాట నాలుగో చరణంగా పాటలోకి వచ్చింది. ఆ చరణం ఆలిస్ కల్పించింది కాదు. శత్రువుల సేనాధిపతి సీసెరా తొమ్మిది వందల ఇనుప రథాలతో ఇరవయ్యేళ్లు జనాన్ని ఏడిపించినవాడు. వాడి చావు మీద పాట కట్టిన దెబోరా, చివరికి వాడి తల్లిని తెచ్చి కిటికీ దగ్గర నిలబెట్టింది. కొడుకు చెరపట్టిన అమ్మాయిలను పంచుకుంటూ ఆలస్యం చేస్తున్నాడని ఆ తల్లి సర్దిచెప్పుకుంటుంది. ఆ చోట ఆలిస్ పెన్సిలు పక్కన పెట్టింది. ఎవరు గెలిచినా దోపుడు మూటల్లో ఆడపిల్లలుంటారు. దెబోరా ఎగతాళికే అలా పాడిందంటారు పెద్దలు. కావచ్చు. అయినా ఆ కిటికీ వదిలేసి పాట ముగించడం దెబోరా వల్ల కాలేదు, ఆలిస్ వల్లా కాలేదు.

సాయంత్రం జ్ఞానశేఖర్ కాగితం చదివి, నాలుగో చరణం మీద అడ్డంగా గీత గీశాడు. "గెలిచినోళ్ల పాటల ఏడుపెందుకు? మూడుతోని ఆపెయ్." కింద తన పేరు రాసుకుని, ఇస్త్రీ అంగీ చూసి మెచ్చుకున్నాడు. ఇంట్లో మొగుడూ అత్తా ఉన్నారు, ఆలిస్‌కు మాత్రం తన మాట వినే మనిషి ఒక్కరూ లేరు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. మూడు చరణాలకూ పైకప్పు రేకులు అదిరాయి. జ్ఞానశేఖర్ ప్రార్థనకు చేతులెత్తాడు. ఇక్కడ ఆగిపోతే ఇంట్లో శాంతి. ఆగిపోతే రేపు నిప్పు ఏ ముఖంతో పట్టుకెళ్లాలి? ఆలిస్ గొంతెత్తింది.

"కిటికీ కడ తల్లి నిలిచే, కొడుకు రథము రాదాయె" అని పాడింది.

ఎవరూ అందుకోలేదు. ఆ తల్లి ఎవరో గల్లీవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పక్కావిడ చాప మీద కొంచెం దూరం జరిగింది. జ్ఞానశేఖర్ చేతులు దించి, ఆలిస్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఆ వరసనే మళ్లీ పాడింది. గుడి మొత్తంలో తన గొంతు ఒక్కటే, సన్నగా, తనకే పరాయిగా వినిపించింది. ఇంత ఒంటరితనం ఆమె కాన్పు గదిలో కూడా ఎరగదు.

"కిటికీ కడ తల్లి నిలిచే..."

జీరబోయిన ముసలి గొంతు. ముందు వరసలోంచి. ఆలిస్ తలెత్తి చూసింది. రోసమ్మ గుడి వాకిలివైపు చూస్తూ పాడుతోంది. "కొడుకు రథము రాదాయె" దాకా పాడి, ఊపిరి పీల్చుకుని, కోడలి వైపు తిరిగింది.

"ఆగినవేంది? తర్వాతది చెప్పు."