మోకాలి లోతు మంచు

నాంపల్లి స్టేషన్లో ఢిల్లీ రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది. అందరూ సామాన్లు ఎత్తుకుంటుంటే జమున మాత్రం తన బ్యాగు కింద పెట్టి నిలబడింది. ఆబిడ్స్‌లోని వాళ్ల ట్రెక్కింగ్ క్లబ్బుకు ఆమే గైడు. ఈసారి హిమాలయాల్లో శిఖరం వద్దు, కింద అడవి బాటలోనే నడుద్దామని చెప్పేసరికి అందరి మొహాలూ మాడిపోయాయి.

క్లబ్బు పెద్ద రామచందర్ సారుకైతే అరికాలి మంట నెత్తికెక్కింది. రిటైరైన లెక్కల మాస్టారాయన, ఒకసారి అనుకున్నాడంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినడు. చలికాలం ఇంకా మొదట్లోనే ఉందనీ, మంచు మోకాలి లోతైనా లేదనీ వాదనకు దిగాడు. మన పట్నపోళ్ల పొరపాటే అది. వానాకాలంలో రోడ్డు మీది నీళ్లలాగే మంచునూ లోతుతో కొలుస్తారు. మోకాలు దాటకపోతే నడిచిపోవచ్చని లెక్క!

సారు భార్య అహల్య కొడుకు రవికిరణ్‌కు పెరుగూ చక్కెరా పెట్టి సాగనంపుతోంది. జమున చక్కెర డబ్బా అడిగి తీసుకుని, మూత మీద చక్కెర పలచగా పరిచి, పైన ఒక బిస్కెట్ పెట్టి మెల్లగా వంచింది. బిస్కెట్ జర్రున జారి కింద పడింది.

“మొదట్ల పడ్డ మంచు చలికి గిట్ల చక్కెర లెక్క అయింది సార్. కొత్తది దాన్ని పట్టుకుంటలేదు. మనం కాలు పెడితే వాలు మొత్తం ఒక్కసారే జారుతది.”

ఆ కొండ దగ్గరుండే తమ మనిషి నిన్న మంచులో గుంట తవ్వి, పారతో తట్టి చూశాడని, పై పొర పలకలా ఊడి వచ్చిందని వీడియో కూడా చూపించింది. మొన్ననే వేరే జట్టు క్షేమంగా దాటింది కదా అని సారు కొట్టిపారేశాడు.

“నువ్వు రాకుంటే ఫికర్ లేదు. నేనే తీస్కపోత.”

జమునకు తెలుసు. ఈ మనిషి అన్నంత పనీ చేస్తాడు, సగంమంది ఆయన వెనకే పోతారు. క్లబ్బు పోతే పోనీ, ఒక్కరిని కూడా ఆ వాలెక్కనివ్వకూడదనుకుంది.

“సరే సార్. గసొంటి వాలు ఒక్కొక్కలే దాటాలె. ముందుగాల ఎవర్ని పంపుదాం? మీరే చెప్పున్రి.”

“నేను పోత నాన్నా,” అన్నాడు రవికిరణ్ హుషారుగా.

రామచందర్ కొడుకు భుజం గట్టిగా పట్టుకున్నాడు.

“నువ్వు కాదు,” అన్నాడు.

ఆ మాట అన్నాక ఆయనకు చుట్టూ చూడక తప్పలేదు. సాగనంపడానికి వచ్చిన మిగతా తల్లులందరూ ఆయన వైపే చూస్తున్నారు.

“ఎవ్వలూ వద్దు,” అన్నాడు.